తాళం కోడలి దగ్గర, ఫోను మామగారి దగ్గర

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని రాయగడ. మా మామయ్యగారికి 68 ఏళ్ళు, మిల్లులో చేసి రిటైరయ్యారు. మాఘమాసంలో పార్వతీపురం స్నేహితుడి నంబరు నుంచి ఆయన వాట్సాప్‌కి శుభలేఖ వచ్చింది. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది, కార్డు మాత్రం తెరుచుకోలేదు. రెండు రోజుల్లో ఖాతాలోంచి రెండు విడతలుగా 61,500 రూపాయలు పోయాయి. ఆ స్నేహితుడి వాట్సాప్ కూడా అప్పటికే ఎవరి చేతిలోనో ఉందని తర్వాత తెలిసింది. మావారు విశాఖలో ఉద్యోగం, ఇంట్లో ఫోన్ల సంగతి చూసేది నేనే. అందుకని మామయ్యగారి ఫోన్లో సెట్టింగ్స్‌కీ ప్లే స్టోర్‌కీ యాప్ లాక్ పెట్టి పిన్ నా దగ్గర ఉంచుకున్నాను. ఆయనకి చెప్పలేదు. మొన్న టీ కొట్టు దగ్గర నలుగురు స్నేహితుల ముందు, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ యాప్ వేసుకోబోతే పిన్ అడిగిందట. ఆ రోజు నుంచి నాతో మాట లేదు. మంచినీళ్ళు కావాలన్నా అత్తయ్యగారినే అడుగుతున్నారు. మా మరిది తెలుగు పంచాంగం యాప్ ఒకటి తయారుచేసి ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపుల్లో పంపుతుంటాడు. "గూగుల్ కూడా వదిన లాగే అందరి ఫోన్లకీ తాళం వేయబోతోంది, నా యాప్ పోయినట్టే" అని అతని గొడవ. నేను చేసింది తప్పా? కంపెనీయే అందరికీ తాళం వేసేస్తే మంచిదే కదా?
– ఒక కోడలు, రాయగడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు తగాదాలు కలిసిపోయాయి. మీకూ మామగారికీ ఒకటి, మామగారికీ ఆ దొంగకీ ఒకటి, మీ మరిదికీ గూగుల్‌కీ ఒకటి. దొంగ సంగతి ముందు చూద్దాం, ఆలస్యమయ్యే కొద్దీ చేజారేది అదొక్కటే.

1930కి ఫోన్ చేశారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. ఫోన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పోయిన డబ్బు ఒక ఖాతాలో కూర్చోదు, గంటల్లో నాలుగు చేతులు మారుతుంది. దారిలో ఎక్కడుంటే అక్కడ పట్టి ఆపడానికే ఆ నంబరు. ఇన్ని రోజులయ్యాక దొరికే ఆశ తక్కువే, అయినా చెప్పాలి. బ్యాంకుకి కూడా కాగితం రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు ఖాతాదారుడిదే అయినా, బ్యాంకుకి తెలియజేసిన తర్వాత పోయే ప్రతి రూపాయికీ బ్యాంకే బాధ్యత. తప్పు ఇటు ఖాతాదారుడిదీ అటు బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్ళకి నష్టం సున్నా. తప్పు ఎవరిది అన్న దగ్గరే బ్యాంకు పేచీ పెడుతుంది. ముప్పై ఏళ్ళు కౌంటర్‌కి అవతల కూర్చుని ఆ పేచీలు పెట్టినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

మన సరిహద్దు ఊళ్ళలో ఇంకో తంటా ఉంది. ఖాతా పార్వతీపురం బ్రాంచిలో ఉండి, మనిషి రాయగడలో ఉంటే, ఇక్కడి పోలీసులు అక్కడికి పొమ్మంటారు, అక్కడివాళ్ళు ఇక్కడికి పొమ్మంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అదే. సెక్షన్ నంబరు చీటీ మీద రాసుకుని వెళ్ళండి. నంబరు చెప్పేసరికి కుర్చీలో మనిషి కొంచెం నిటారుగా కూర్చుంటాడు.

ఆ దొంగ యాప్ ఫోన్లో ఇంకా ఉండొచ్చు. ఇలాంటివి ఐకాన్ కనపడకుండా దాక్కుంటాయి. ఫోటోలు, నంబర్లు వేరే చోట దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ఆ తర్వాతే యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డు కొత్తవి పెట్టుకోవాలి. రీసెట్ చేయకుండా మారిస్తే కొత్తవి కూడా వాడికే అందుతాయి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒకటి తట్టింది. మీ మరిది పంచాంగం యాప్ ప్లే స్టోర్‌లో లేదు, వాట్సాప్‌లో ఫైలుగా వస్తుంది. మామయ్యగారు మొదటిసారి దాన్ని నొక్కినప్పుడు "వాట్సాప్ నుంచి వచ్చే యాప్‌లకి అనుమతి ఇవ్వాలా" అని ఫోను అడిగి ఉంటుంది. కొడుకే పక్కన కూర్చుని ఆ మీట నొక్కి ఉంటాడు. ఆండ్రాయిడ్ 8 వచ్చిన 2017 నుంచి ఈ అనుమతి ఒక్కో యాప్‌కి విడివిడిగా ఇవ్వాలి. అది మంచిదే. కానీ ఒకసారి ఇచ్చాక, ఎవరో ఒకరు వెళ్ళి ఆపేదాకా అది అలాగే ఉండిపోతుంది. కొడుకు పంచాంగం వచ్చిన గుమ్మంలోంచే దొంగ శుభలేఖ కూడా నడిచి వచ్చింది. ఇది నా ఊహే, మీరు చూసి తేల్చుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్, దాంట్లో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. అక్కడ వాట్సాప్ ఎదురుగా మీట ఆన్‌లో ఉంటే నా ఊహ నిజమే. దాన్ని ఆపండి. క్రోమ్‌కీ ఫైల్స్‌కీ కూడా ఆపండి. మీ ఫోన్లో కూడా ఒకసారి చూసుకోండి.

ఆ దొంగ ఫైలు ఏం చేసిందంటే, ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగింది, మామయ్యగారు సరే అన్నారు. అంతే, వాడి పని సగం అయిపోయింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అని ఇన్నేళ్ళుగా అందరికీ నూరిపోస్తున్నాం. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఫోనే చెప్పేసింది. ఆయన్ని "చదువుకున్నారు కదా, ఆ మాత్రం తెలియదా" అని ఇంట్లో ఎవరైనా అని ఉంటే, ఆ మాట వెనక్కి తీసుకోండి.

నిజంగా శుభలేఖే అయితే బొమ్మగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఇంగ్లీషులో ఏ, పీ, కే అని మూడక్షరాలు ఉంటే అది కార్డు కాదు, యాప్. చలానా అని వచ్చినా, బ్యాంకు కేవైసీ అని వచ్చినా, రైతు డబ్బులు పడ్డాయని వచ్చినా ఇదే గుర్తు. నాకూ ఓసారి చలానా వచ్చింది. ఫలానా తేదీన మీ బండి సిగ్నల్ దాటింది అని. ఆ తేదీన నేను నిజంగానే బరంపురం వెళ్ళాను. నొక్కబోయి, బండి ఇంట్లో పెట్టి బస్సులో వెళ్ళానని గుర్తొచ్చి ఆగాను. తెలివితేటలేం కాదు, ఆ రోజు బండి పంక్చర్.

మామయ్యగారి ఫోన్ ఏ భాషలో ఉంది? ఇంగ్లీషులోనే అయి ఉంటుంది. మన ఇళ్ళలో ఇదొక చిత్రం. మాట తెలుగు, పిల్లల చదువు ఒడియా, ఫోను ఇంగ్లీషు. "ఈ యాప్ ప్రమాదకరం కావచ్చు" అని ఫోను అరిచినా, అరిచిన భాష ఆయనది కాదు. ఆయనకి తెలిసినదల్లా ఒకటే: అడ్డొచ్చిన డబ్బా పోవాలంటే ఓకే నొక్కాలి. దొంగ మాత్రం చక్కటి తెలుగులో, "మా అమ్మాయి పెళ్ళి, తప్పక రావాలి" అని రాశాడు. భాష తెలుగులోకి మార్చడం రెండు నిమిషాల పని. ఆ తెలుగు కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది, నవ్వొస్తుంది కూడా. కానీ చదవగలరు.

ఇప్పుడు మీ తాళం. భయంతో చేశారు, ప్రేమతో చేశారు, నాకు అర్థమైంది. కానీ చెప్పకుండా చేశారు చూడండి, అది తప్పు. ఆయన డబ్బు, ఆయన ఫోను, ఆయన సర్టిఫికెట్. ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి జీవన్ ప్రమాణ్ ఒకటి, ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి, రెండు యాప్‌లు కావాలి. రెండూ ప్లే స్టోర్‌లోనే ఉన్నాయి, వాటిలో ప్రమాదం ఏమీ లేదు. ఇన్నేళ్ళు మిల్లులో షిఫ్టులు చేసిన మనిషి, తను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి కోడల్ని పిన్ అడగాల్సి వచ్చింది, అదీ తోటి పెన్షనర్ల ముందు. 61,500 కన్నా అదే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

అలాగని తాళం తీసేసి మీ ఖర్మ అనడం కాదు. నా సర్వీసు చివరి ఏడాది ఒకామె ఫోను చెవికి పెట్టుకునే కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయాలి, వెంటనే, ఏదో ఖాతాకి పంపాలి. ఎవరమ్మా ఫోన్లో అంటే, "అదంతా మీకెందుకు" అంది. ఆమె డబ్బు, ఇవ్వనని అనే హక్కు నాకు లేదు. "సర్వర్ స్లోగా ఉందమ్మా, కూర్చోండి" అన్నాను. బ్యాంకు ఉద్యోగుల నోట ఆ మాట ఎన్నిసార్లు అబద్ధంగా వచ్చిందో లెక్కలేదు, ఆ ఒక్కసారి మాత్రం ఉపయోగపడింది. టీ తెప్పించాను. ఆమె ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో ఫోను. పావుగంటకి ఫోను ఛార్జింగ్ అయిపోయింది. అవతల గొంతు ఆగిపోయాక, టీ గ్లాసు అడుగున మిగిలింది చూస్తూ కాసేపు కూర్చుని, "బాబూ, వాడు చెప్పింది నిజమేనంటావా" అంది. అప్పుడు మాట్లాడుకున్నాం.

ఆ పావుగంట లాంటిదే మీ ఇంట్లో కావాల్సింది. వద్దనడం వేరు, ఆగమనడం వేరు. మీరు వద్దన్నారు.

గూగుల్ సంగతి కూడా నాకు ఇదే కొలత మీద కనిపిస్తోంది. మీ మరిది చెప్పింది సగం నిజం. 2025 ఆగస్టులో ఆ కంపెనీ ఒక నియమం ప్రకటించింది. యాప్ ప్లే స్టోర్‌లో ఉన్నా, వాట్సాప్‌లో తిరిగినా, తయారుచేసినవాళ్ళు పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇచ్చి తాము ఎవరో నిరూపించుకోవాలి. లేకపోతే గూగుల్ సర్టిఫై చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, అంటే కొట్లో మనం కొనే దాదాపు అన్నిటిలో, అది ఇన్‌స్టాల్ కాదు. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకి తెస్తామన్నారు. బయట నుంచి వేసుకునే యాప్‌లలో ప్లే స్టోర్ కన్నా 50 రెట్లు ఎక్కువ దొంగ సరుకు ఉందని వాళ్ళ లెక్క. లెక్క వేసినదీ, కొట్టు నడిపేదీ ఒకరే అన్నది గుర్తుపెట్టుకోవాలి.

గోల లేచింది. ఉచితంగా, సోర్సు కోడ్ అందరికీ కనపడేలా ఉండే యాప్‌లను 2010 నుంచి పంచుతున్న ఎఫ్-డ్రాయిడ్ వాళ్ళు, ఇది వస్తే మా పని ముగిసినట్టే అన్నారు. నవంబరుకి గూగుల్ కొంచెం తగ్గింది. విద్యార్థులకీ, సరదాకి చేసేవాళ్ళకీ వేరే ఖాతా ఇస్తామంది, కాకపోతే కొద్ది ఫోన్లకే పంచాలి. తెలిసి తెలిసి బయటి యాప్ వేసుకునేవాళ్ళకి, ఎవరైనా ఒత్తిడి చేస్తుంటే లొంగకుండా హెచ్చరికలతో ఒక దారి ఉంచుతామంది. మామూలు ఖాతాకి ఒక్కసారి కట్టే 25 డాలర్లు.

పేరు రాయించుకోమనడంలో నాకు అభ్యంతరం లేదు. రాయించుకునేది ఎవరు అన్న దగ్గరే చిక్కు. సంతలో ఆకుకూరలు అమ్ముకోవాలంటే మునిసిపాలిటీలో పేరు రాయించుకోమంటే అర్థముంది. పక్కనున్న పెద్ద కొట్టు షావుకారు దగ్గర రాయించుకోమంటే? మన దేశంలో ఈ షావుకారుతనం మీద కేసు నడిచింది కూడా. 2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసి, బయటి నుంచి యాప్‌లు పంచుకోవడాన్ని అడ్డుకోవద్దని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానా ఉంచి, ఆ అడ్డుకోవద్దన్న మాట తీసేసింది.

పైగా, పేరు రాయించుకుంటే దొంగలు ఆగిపోతారా? కేవైసీ లేకుండా బ్యాంకు ఖాతా తెరవడం కుదరదు కదా, మామయ్యగారి డబ్బు వెళ్ళింది కూడా కేవైసీ ఉన్న ఖాతాలోకే. ఎవరో కూలిమనిషి పేరు మీద తెరిచి ఉంటారు. యాప్‌లకీ అలాంటి పేర్లు అద్దెకి దొరుకుతాయి. దొంగకి కొంత ఖర్చు, కొంత ఆలస్యం పెరుగుతాయి, అది నిజమే. ప్లే స్టోర్‌లో ఉంటే చాలు మంచిదే అనుకోవడం కూడా పొరపాటు. 2020 చివర్లో హైదరాబాద్‌లో అప్పుల యాప్‌ల కేసులు బయటపడ్డప్పుడు, ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పరువు తీసిన ఆ యాప్‌లలో ఎన్నో దర్జాగా ప్లే స్టోర్‌లోంచి వచ్చినవే. అరెస్టు చేశామంటూ వీడియో కాల్‌లో బెదిరించేవాడికి అసలు యాపే అక్కర్లేదు.

నాకు నచ్చింది ఇంకొకటి ఉంది, దాని మీద గోలా లేదు, దానికి పెద్ద పేరూ రాలేదు. యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ అని గూగుల్‌దే ఒకటి ఫోన్లోనే ఉంటుంది. 2024లో ముందు సింగపూర్‌లో, తర్వాత మన దేశంలో దానికి ఒక కొత్త పని అప్పజెప్పారు. బ్రౌజర్ నుంచో వాట్సాప్ నుంచో వచ్చిన యాప్ ఎస్ఎంఎస్‌లు చదవాలనో, నోటిఫికేషన్లు చూడాలనో, దివ్యాంగుల సాయానికి పెట్టిన యాక్సెసిబిలిటీ పేరుతో తెర మొత్తం చేతిలోకి తీసుకోవాలనో అడిగే రకమైతే ఆపేస్తుంది. చేసినవాడు ఎవరు అని కాక, ఇది ఏం అడుగుతోంది అని చూస్తుందన్నమాట. పంచాంగానికి ఎస్ఎంఎస్‌లతో పనేముంది? మీ మరిది యాప్ దాటిపోతుంది, దొంగ శుభలేఖ ఆగిపోతుంది. 2025 మేలో ఇంకోటి చెప్పారు. తెలియని నంబరుతో ఫోన్ మాట్లాడుతుండగా ప్లే ప్రొటెక్ట్‌ని ఆపేయడం, బయటి యాప్ మొదటిసారి వేయడం కుదరకుండా చేస్తున్నారు. నా టీ గ్లాసు లాంటిదే అది.

మరి మామయ్యగారి ఫోన్లో ప్లే ప్రొటెక్ట్ ఆ దొంగ శుభలేఖని ఎందుకు ఆపలేదు? ప్లే స్టోర్ తెరిచి, పైన కుడి చేతివైపు ఫోటో నొక్కి చూడండి, ఆన్‌లో ఉందో లేదో. లేకపోతే మీ మరిదిని నిదానంగా అడగండి. తన యాప్‌కి హెచ్చరిక వస్తోందని ఎప్పుడైనా తనే ప్లే ప్రొటెక్ట్‌ని ఆపాడేమో. తిట్టకండి, యాప్‌లు చేసే కుర్రాళ్ళు చాలామంది ఈ పని చేస్తారు.

అతని యాప్ పోకూడదు. నాకు ఆ యాప్ మీద ఇష్టం ఎందుకంటే, ఇది మనకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేని వస్తువు. మనకి నెల అమావాస్యతో ముగిస్తే ఇక్కడి ఒడియావాళ్ళకి పౌర్ణమితో ముగుస్తుంది. వాళ్ళ కార్తీకం మనకన్నా పదిహేను రోజుల ముందే మొదలైపోతుంది, పక్కింట్లో చేపల వాసన ఆగిపోయాక గానీ మనకి గుర్తురాదు. మన ఉగాది అయ్యాక వాళ్ళ పణా సంక్రాంతి. రెండు లెక్కలూ పక్కపక్కన చూపించే పంచాంగం ఏ పెద్ద కంపెనీ చేస్తుంది? ఆ 25 డాలర్లు, మన లెక్కలో రెండు వేల పైచిలుకు, వాడుకునే ఇళ్ళవాళ్ళు తలా పది వేస్తే వచ్చేస్తాయి. కట్టించి, యాప్‌ని ప్లే స్టోర్‌లో కూడా పెట్టమనండి. అదయ్యేదాకా గ్రూపులో ఫైలు పడేయడం మానేసి, ఇళ్ళకి వెళ్ళినప్పుడు తనే వేసి, మీట తిరిగి ఆపేసి రమ్మనండి.

ఇంట్లో ఏం చేయాలంటే, ఈ ఆదివారం అత్తయ్యగారు కూడా ఉన్నప్పుడు కూర్చోండి. "మామయ్యగారూ, మీకు చెప్పకుండా పెట్టడం నాదే తప్పు" అని ముందు ఆ మాట అనేయండి. యాప్ లాక్ ఆయన కళ్ళముందే తీసేయండి. తెలియని యాప్‌ల మీటలు ఆయన చేతనే ఆపించండి, ప్లే ప్రొటెక్ట్ ఆయన చేతనే ఆన్ చేయించండి. ఫోన్ ఆండ్రాయిడ్ 16 అయితే అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అని ఒక మీట ఉంది, అది పెడితే బయటి యాప్‌లు అసలు రావు. పెట్టాలా వద్దా అన్నది ఆయన ఇష్టం, వివరం చెప్పి వదిలేయండి. రోజువారీ ఖర్చులకి ఒక చిన్న ఖాతా ఉంచి యూపీఐ దానికే కలపండి, పెన్షన్ పడే ఖాతాకి ఫోన్లో దారి లేకుండా చేయండి. యాప్ లాక్ కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది, ఆయన అహం కూడా దెబ్బతినదు. అప్పుడు ఒక్క ఒప్పందం అడగండి. ప్లే స్టోర్ బయట నుంచి ఏది వచ్చినా, పంపినవాళ్ళకి ఫోన్ చేసి గొంతు విని, ఒక రాత్రి గడిచాక వేసుకోవాలి. ఈ నియమం మీకూ, మీ ఆయనకీ, మీ మరిదికీ కూడా వర్తిస్తుందని చెప్పండి. ఒక్క ఆయనకే అంటే మళ్ళీ మొదటికొస్తుంది.

వెంటనే మాట్లాడకపోవచ్చు. లైఫ్ సర్టిఫికెట్ యాప్‌లు ఆయనే వేసుకోనివ్వండి, మీరు పక్కన కూడా నిలబడొద్దు. ముఖం సరిగ్గా పట్టక రెండు మూడుసార్లు విఫలమవుతుంది, అందరికీ అవుతుంది, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంటే పడుతుంది. అప్పుడు ఆయనే పిలుస్తారేమో చూడండి.

మీ మరిది పంచాంగం నాకూ కావాలి, ఇక్కడ పర్లాకిమిడిలో మా ఇంట్లోనూ ఇదే తిథుల గొడవ. పంపే ముందు ఒకసారి ఫోన్ చేసి చెప్పమనండి.